నేలను మరిచిన బొమ్మ: గెస్టాల్ట్ చికిత్స చరిత్ర – ఒక అనంతపురం చదువు

తెలుగు పాఠకుడికి ఫ్రాయిడ్‌ను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. 1940లలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, 1969లో నవీన్ ‘అంపశయ్య’ ఆ పని చేసిపెట్టాయి. మనోవిజ్ఞానం మన ఇళ్ళలోకి ఆసుపత్రి దారిన రాలేదు, నవల దారిన వచ్చింది. అందుకే అంతశ్చేతన, అణచివేత, ఆత్మన్యూనత వంటి మాటలు మన సాహిత్య విమర్శలో అలవోకగా దొర్లుతుంటాయి. అయితే ఫ్రాయిడ్ రాసిన జర్మన్ భాషలోనే, ఆయన బతికుండగానే ఎదిగిన మరో ఆలోచన మాత్రం మన సాహిత్యం గడప తొక్కినట్టు కనబడదు. దాని పేరు గెస్టాల్ట్. డిగ్రీ మనస్తత్వశాస్త్రం పుస్తకంలో ఒక పాఠం, అందులో ఒక పూలకుండీ బొమ్మ: మనలో చాలామందికి దానితో పరిచయం అంతవరకే. ఆ పేరు పెట్టుకుని 1951లో వెలువడిన చికిత్సాపద్ధతి గురించి తెలిసినవారు మరీ అరుదు.

అనంతపురం మెట్టసీమలో పుట్టి పెరిగినవాడిని కనుక ఈ చదువు నాకు వట్టి కుతూహలం కాదు. 1990ల చివరి నుంచి మా పల్లెల్లో రైతు ఆత్మహత్యల గురించి రెండు రకాల మాటలు వింటూ వచ్చాను. ‘అప్పు చంపింది’ అనేది ఒకటి. ‘గుండె చాలనివాడు, అప్పులు అందరికీ లేవా’ అనేది రెండోది. మొదటి మాటలో మనిషి కనబడడు. రెండో మాటలో నేల కనబడదు. ఈ రెంటినీ ఒకే చూపులో పట్టుకునే భాష ఏదైనా ఉందా అన్న వెతుకులాటలో నాకు గెస్టాల్ట్ తగిలింది. ఆ చరిత్రలో నాకు అర్థమైనది ఈ టపాలో క్రమంగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

గెస్టాల్ట్ అనే జర్మన్ మాటకు ఆకృతి, రూపు అని అర్థం చెప్పుకోవచ్చు. 1890లో ఎహ్రెన్‌ఫెల్స్ అనే తత్త్వవేత్త ఒక చిన్న ప్రశ్న వేశాడు. ఒక పాటను శ్రుతి మార్చి పాడితే స్వరస్థానాలన్నీ మారిపోతాయి కదా, అయినా అదే పాట అని ఎలా గుర్తుపడుతున్నాం? మన భాషలో చెప్పాలంటే, ఒకటో శ్రుతిలో పాడినా ఐదో శ్రుతిలో పాడినా మోహన మోహనే. అంటే రాగం విడివిడి ధ్వనుల మొత్తం కాదు, వాటి మధ్య ఉన్న సంబంధం. 1910లో మాక్స్ వర్థైమర్ రైలు ప్రయాణంలో ఏదో స్ఫురించి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయి, బొమ్మలు కదులుతున్నట్టు చూపే ఒక ఆటవస్తువు కొన్నాడని ప్రసిద్ధమైన కథ. నిలకడగా ఉన్న రెండు గీతలను తగిన వ్యవధిలో ఒకదాని తరువాత ఒకటి చూపితే కంటికి కదలిక కనబడుతుందని 1912లో ఆయన ప్రకటించాడు. సినిమా అంతా ఆ కనికట్టు మీదే నడుస్తోంది. ఆ ప్రయోగాల్లో పాల్గొన్న కోలర్, కాఫ్కాలు ఈ ఆలోచనకు మిగతా ఇద్దరు మూలపురుషులయ్యారు.

1915లో డెన్మార్క్‌కు చెందిన ఎడ్గార్ రూబిన్ ఆ పూలకుండీ బొమ్మను ప్రసిద్ధం చేశాడు. తెల్లని భాగాన్ని చూస్తే కుండీ, నల్లని భాగాన్ని చూస్తే ఎదురెదురుగా రెండు ముఖాలు. రెండూ ఒకేసారి కనబడవు. ఒకటి ముందుకు రావాలంటే మరొకటి వెనక్కి తగ్గాలి. పాఠ్యపుస్తకాలు వీటిని ఆకృతి, నేపథ్యం అంటాయి. నేను బొమ్మ, నేల అంటాను. బొమ్మ కనబడేది నేల వల్లనే, కానీ కనబడిన క్షణం నుంచి నేల మరుపున పడుతుంది.

ఈ బృందంలో మా సీమవాళ్ళు ప్రత్యేకంగా చదవవలసినవాడు కుర్ట్ లెవిన్. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిదళంలో పనిచేసిన ఈయన 1917లో యుద్ధభూమి గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. శాంతికాలంలో పొలాలు, చెట్లు అన్ని దిక్కులకూ సమానంగా విస్తరించి ఉంటాయి. యుద్ధరంగం దగ్గరపడే కొద్దీ అదే భూమికి ముందువెనుకలు ఏర్పడతాయి, ఎక్కడో ఒక అంచు వస్తుంది. పొలం పొలంగా కాక, దాక్కోవడానికి పనికొచ్చే చోటుగానో ప్రాణం తీసే చోటుగానో కనబడుతుంది. నేల అదే. దాని మీద నిలబడ్డ మనిషి అవసరం మారింది. దీన్ని చదివినప్పుడు నాకు జూన్ నెల మా ఎర్రనేలలే గుర్తొచ్చాయి. రైలు కిటికీలోంచి చూసేవాడికి అది ఒట్టి బీడు. పదును కోసం ఎదురుచూసే రైతుకు అదే నేల ఒక గడువు, ఒక పందెం, ఒక బాకీ. సింగమనేని నారాయణ తన కథకు ‘జూదం’ అని పేరుపెట్టడం ఊరికే కాదు.

మనిషి ప్రవర్తనను మనిషిలోనే వెతకకూడదు, మనిషినీ పరిసరాన్నీ కలిపి ఒక క్షేత్రంగా చూడాలి అన్నది లెవిన్ తరువాతి కాలపు సిద్ధాంతం. క్షేత్రమంటే మనకు పొలం కూడా. జర్మన్ మూలంలోనూ అది పొలానికి వాడే మాటే. మెట్టనేలను చేను, నీటివసతి ఉన్నదాన్ని మడి అని వేరుచేసి పిలిచే మా వాడుకకు ఈ ఆలోచన అంత దూరమైనది కాదు.

లెవిన్ శిష్యురాలు బ్లూమా జైగార్నిక్ 1927లో, పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆగిపోయిన పనులే బాగా గుర్తుంటాయని ప్రయోగాలతో చెప్పింది. తరువాతివారి ప్రయోగాలు జ్ఞాపకం విషయంలో ఆమెను ప్రతిసారీ సమర్థించలేదు. కానీ ఆగిన పనిని మళ్ళీ అందుకోవాలనే తపన మనిషిలో బలంగా ఉంటుందన్నది మాత్రం నిలబడింది. తెగని పని మనసులో తెరుచుకునే ఉంటుందన్న ఈ ఊహే తరువాత చికిత్సకు ఒక స్తంభమైంది.

ఇంతకీ ప్రయోగశాలలోని ఈ ఆలోచన చికిత్సగా ఎలా మారింది? ఆ కథ ఫ్రిట్జ్ పెర్ల్స్, లారా పెర్ల్స్ దంపతులది. ఫ్రిట్జ్ 1893లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో విషవాయువును చవిచూశాడు. వైద్యం చదివి ఫ్రాయిడ్ మార్గంలో మనోవిశ్లేషకుడయ్యాడు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుర్ట్ గోల్డ్‌స్టీన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. గోల్డ్‌స్టీన్ యుద్ధంలో మెదడు దెబ్బతిన్న సైనికులకు వైద్యం చేస్తూ, దెబ్బ తగిలినది ఒక భాగానికే అయినా తిరిగి సర్దుకునేది మనిషి మొత్తం అని గమనించినవాడు. లారా అక్కడే గెస్టాల్ట్ మనస్తత్వశాస్త్రం చదువుతోంది. ఫ్రిట్జ్ ఆ శాస్త్రాన్ని పైపైనే చదివాడు, ఆ సంగతి 1969 నాటి ఆత్మకథలో తానే ఒప్పుకున్నాడు. క్రమబద్ధంగా అభ్యసించినది లారా. చరిత్ర మాత్రం చాలాకాలం ఆయన పేరునే మోసింది.

1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. గోల్డ్‌స్టీన్‌ను అరెస్టు చేసి, దేశం విడిచిపోయే షరతు మీద వదిలారు. వర్థైమర్, లెవిన్ అమెరికా చేరారు. యూదుడు కాని కోలర్ ఆ ఏప్రిల్‌లోనే ఆచార్యుల తొలగింపును విమర్శిస్తూ పత్రికలో బాహాటంగా రాసి, 1935లో తానూ వెళ్ళిపోయాడు. పెర్ల్స్ దంపతులు ఆంస్టర్‌డాంకు పారిపోయి, అక్కడి నుంచి 1934లో జొహానెస్‌బర్గ్ చేరారు. ‘మొత్తం’ గురించి మాట్లాడిన ఒక తరం మొత్తంగా చెల్లాచెదురైంది.

దక్షిణాఫ్రికాలో ఫ్రిట్జ్‌ను ఆకట్టుకున్న గ్రంథం ‘హోలిజం అండ్ ఎవల్యూషన్’. 1926లో వెలువడిన ఆ పుస్తకంతోనే సమగ్రతావాదానికి హోలిజం అనే పేరు వచ్చింది. రచయిత జనరల్ స్మట్స్. గాంధీగారి సత్యాగ్రహ చరిత్ర చదివినవాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. 1914లో దక్షిణాఫ్రికా విడిచి వస్తూ గాంధీ తాను చేసిన చెప్పుల జతను కానుకగా ఇచ్చింది ఈయనకే. విశ్వంలో ప్రతిదీ పెద్ద మొత్తంలో భాగమని రాసిన ఆ తత్త్వవేత్త, పాలకుడిగా మనుషులను రంగును బట్టి విడదీసే వ్యవస్థను కాపాడాడు. 1946లో భారతీయులు భూమి కొనే హక్కును కట్టడి చేసిన చట్టం ఆయన ప్రభుత్వానిదే.

పెర్ల్స్ తొలి పుస్తకం ‘ఈగో, హంగర్ అండ్ అగ్రెషన్’ 1942లో డర్బన్‌లో వెలువడింది. చెరకుతోటల కూలీలుగా మద్రాసు రేవు నుంచి వెళ్ళిన తెలుగువారి సంతానం 1931లో ఆంధ్ర మహాసభను నెలకొల్పుకున్న దేశం అది, డర్బన్ ఆ తెలుగువారికి ముఖ్య నగరం. ఆ పుస్తకానికీ ఆ మనుషులకూ మధ్య ఏ సంబంధమూ ఏర్పడినట్టు లేదు. పూలకుండీ బొమ్మలోలాగా ఒకటి కనబడేవారికి మరొకటి కనబడలేదు.

ఆ పుస్తకంలోని ముఖ్యమైన ఊహ ఆకలికి సంబంధించినది. ఫ్రాయిడ్ కామాన్ని కేంద్రంలో పెడితే, పెర్ల్స్ దంపతులు ఆకలినీ నమలడాన్నీ ముందుకు తెచ్చారు. చంటిబిడ్డలను గమనించి లారా రాసుకున్న విషయాలు దీనికి ఆధారం. పళ్ళు రాని బిడ్డ పాలను మింగుతుంది. పళ్ళు వచ్చాక కొరికి, నమిలి, రుచి చూసి, వద్దనుకున్నది ఉమ్మేయడం నేర్చుకుంటుంది. మనిషి మాటల విషయంలోనూ అంతే. పెద్దలు, మతం, ప్రభుత్వం, పుస్తకం చెప్పినదాన్ని నమలకుండా మింగితే అది అరగదు, ఒంటబట్టదు, లోపల పరాయి వస్తువుగా కూర్చుని శాసిస్తుంది. ‘మగవాడు ఏడవకూడదు’ అన్నది అలా మింగిన ముద్దే. ‘అప్పు తీర్చలేనివాడు తలెత్తుకోకూడదు’ అన్నది మరొకటి.

1946లో ఫ్రిట్జ్, ఆ తరువాత లారా న్యూయార్క్ వెళ్ళారు. అక్కడ పాల్ గుడ్‌మన్ అనే రచయిత, సంఘవిమర్శకుడు వారితో కలిశాడు. పెర్ల్స్, కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెఫర్లైన్, గుడ్‌మన్ కలిసి 1951లో ‘గెస్టాల్ట్ థెరపీ’ ప్రచురించారు. మరుసటి ఏడు న్యూయార్క్‌లో శిక్షణ సంస్థ మొదలైంది. గుడ్‌మన్ రాసిన సిద్ధాంత భాగం కొరుకుడు పడదు గానీ సారం ఇది: ‘నేను’ అనేది చర్మం లోపల దాక్కున్న వస్తువు కాదు. మనిషీ పరిసరమూ తాకే సరిహద్దు మీద, ఆ తాకిడిలో పుట్టే క్రియ. కనుక చికిత్స గతాన్ని తవ్వడం కాదు, ఇప్పుడు ఇక్కడ ఈ తాకిడి ఎలా జరుగుతోందో, ఎక్కడ తెగిపోతోందో ఎరుకతో గమనించడం. (ఎరుక అన్న మాటకు మన అచలసంప్రదాయంలో వేరే బరువుంది. ఇక్కడ వాడుకభాషలోని మామూలు అర్థంలోనే తీసుకోండి.)

1964లో ఫ్రిట్జ్ కాలిఫోర్నియా తీరంలోని ఎసలెన్‌కు చేరాడు. ఆ సంస్థ 1962లో మొదలైంది. స్థాపకుల్లో ఒకడైన మైకేల్ మర్ఫీ 1950లలో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో ఉండి వెళ్ళినవాడు. అక్కడ గుంపు మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వేసి, అందులో చనిపోయిన తండ్రో, కోపగించిన భార్యో కూర్చున్నట్టు భావించి నేరుగా మాట్లాడమనడం ఫ్రిట్జ్ పద్ధతిగా ప్రసిద్ధమైంది. మొరేనో అనే వైద్యుడి మనోనాటకం నుంచి తీసుకుని మలిచిన పద్ధతి అది. ఫ్రిట్జ్‌లో నాటకీయత ఎక్కువ, దురుసుతనమూ ఎక్కువే. ఎవరి దారి వారిదే అనే భావం వచ్చే ఆయన చిన్న గద్యం గోడబొమ్మల మీదికి ఎక్కింది. 1970 మార్చిలో షికాగోలో ఆయన మరణించేనాటికి, క్షేత్రం నుంచి పుట్టిన చికిత్స ఒంటరి మనిషి స్వేచ్ఛాగీతంగా పేరు తెచ్చుకుంది. బొమ్మ మిగిలింది, నేల పోయింది. కోలర్ శిష్యురాలు మేరీ హెన్లీ 1978లో ప్రచురించిన వ్యాసంలో ఈ చికిత్సకూ అసలు గెస్టాల్ట్ శాస్త్రానికీ సంబంధమే లేదని తేల్చేసింది.

అంత కఠినంగా నేను అనలేను. ఎందుకంటే ఆ చికిత్స ఫ్రిట్జ్‌తో ఆగలేదు. లారా 1990లో మరణించే వరకు, ఒకరికి ఒకరి ఆసరా ముఖ్యమనే మెత్తని మార్గంలో శిష్యులను తయారుచేసింది. పోలియోతో శరీరం చచ్చుబడిన ఆర్నాల్డ్ బైసర్ అనే వైద్యుడు, ఒకప్పటి టెన్నిస్ క్రీడాకారుడు, 1970లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మనిషి తాను కానిదాని కోసం పెనుగులాడినంతకాలం మార్పు రాదనీ, ఉన్నదాన్ని ఉన్నట్టు పూర్తిగా ఒప్పుకున్నప్పుడే మార్పు మొదలవుతుందనీ దాని సారాంశం. కెనడాలో లెస్లీ గ్రీన్‌బర్గ్, ఆయన సహచరులు ఖాళీ కుర్చీ పద్ధతిని పరిశోధనకు పెట్టారు. తెగని బంధాల బాధకు అది మేలు చేస్తుందని 1995లో వెలువడిన అధ్యయనం చూపింది.

ఇక మా నేలకు వద్దాం. అనంతపురం సాలుసరి వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాలకు మేం దూరం. జొన్న, కొర్ర, సజ్జ, ఆరికె పండిన చేలు గత శతాబ్ది చివరి దశాబ్దాల్లో వేరుశనగకు మళ్ళాయి. ఒకే పంట, ఒకే వాన మీద ఆశ. ఆ వాన తప్పితే బోరు, ఆ బోరు ఎండితే మరో బోరు, ప్రతి బోరుకూ ఒక అప్పు. 2004 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వుతో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 1.5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది అవసరమైన పనే. కానీ సాయం అందాలంటే అధికారుల విచారణలో సేద్యపు అప్పే కారణమని తేలాలి. ఒక మనిషి ఆఖరి నెలలు పాసుపుస్తకంగా, ప్రామిసరీ నోటుగా మిగులుతాయి. కాగితాల్లో నేల మిగిలింది, మనిషి పోయాడు. కాలిఫోర్నియాలో జరిగినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

వైద్యం వైపు నుంచి చూస్తే మాకు పొరుగునే ఒక చరిత్ర ఉంది. 1882లో అనంతపురం జిల్లాను విడదీసింది బళ్ళారి జిల్లా నుంచే. తెలుగు నేటికీ ఇంటిభాషగా వినబడే ఆ బళ్ళారిలో 1980ల మధ్యలో నిమ్‌హాన్స్ ఒక ప్రయోగం చేసింది. మానసిక వైద్యాన్ని బెంగళూరు దాకా వెళ్ళక్కరలేకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే దొరికేలా చేసింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి దేశమంతటికీ అదే నమూనా. గొప్ప పని. అయితే అందులో ప్రధానమైనవి తీవ్రవ్యాధుల గుర్తింపు, మందులు. కూర్చుని మాట్లాడే చికిత్సకు దక్కిన చోటు తక్కువ.

మాట్లాడే చికిత్స ఇక్కడికి వస్తే ఎలా ఉండాలి? యథాతథంగా తెచ్చుకుంటే అదీ నమలకుండా మింగిన ముద్దే అవుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. ‘అది’ అనకుండా ‘నేను’ అని మాట్లాడమని, అప్పుడే తన భావానికి తాను బాధ్యుడవుతాడని ఫ్రిట్జ్ పట్టుపట్టేవాడు. తెలుగులో కోపం వస్తుంది, దిగులు పుడుతుంది, ఏడుపు ముంచుకొస్తుంది, భయమేస్తుంది. కర్త భావమే, మనిషి ‘నాకు’ మాత్రమే. ఇది బాధ్యత తప్పించుకోవడం కాదు, మన వ్యాకరణం. పైగా భావం మనిషికీ బయటికీ మధ్య జరిగేదన్న గుడ్‌మన్ సిద్ధాంతానికి ఈ వ్యాకరణమే దగ్గర. ‘నాకు దిగులుగా ఉంది’ అన్న రైతును ‘నేను దిగులుపడుతున్నాను’ అని దిద్దించడం కంటే, ఆ దిగులు ఎటువైపు నుంచి వస్తోందో, ఒంట్లో ఎక్కడ కూర్చుందో అడగడం తెలుగు పద్ధతి అవుతుంది.

ఖాళీ కుర్చీ కూడా మనకు పూర్తిగా పరాయిది కాదు. చావింట్లో ఆడవాళ్ళు శోకాలు పెట్టేటప్పుడు పోయినవారిని పేరుపెట్టి, వరసపెట్టి, ఎదుట ఉన్నట్టే పిలుస్తారు. నిలదీస్తారు, తిడతారు, లెక్కలు అప్పజెబుతారు. దాన్ని చికిత్స అనను. ఆ ఏడుపు తరువాత కూడా అప్పు అలాగే ఉంటుంది. కానీ తెగని మాటను నేరుగా అనగలిగే ఒక చోటు స్త్రీలకు ఆచారం ఇచ్చింది. మగవాళ్ళకు ఆ చోటు లేదు. పైపంచె మూతికి అడ్డం పెట్టుకుని గోడవార నిలబడటమే వాళ్ళ వంతు. మా సీమలో అప్పుతో, ఎండిన చేనుతో, కట్టుకున్న గొంతుతో మిగిలినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే.

ఈ చరిత్ర నుంచి నేను తీసుకున్నది ఇంతే. వాన కురిపించే చికిత్స లేదు, మద్దతు ధరకు బదులు ఇచ్చే సలహా లేదు. అలాగే రుణమాఫీ ఒక్కటే మనిషి లోపల తెరుచుకుని ఉన్నదాన్ని మూయలేదు. లెవిన్ నుంచి నేలను, లారా నుంచి ఆసరాను, ఫ్రిట్జ్ నుంచి ఎదురెదురుగా పలికే మాటను తీసుకుని, ఆయన గురుపీఠాన్ని ఉమ్మేయవచ్చు. నమలడమంటే అదే కదా. ఈలోగా చేతికందే సాయం ఒకటుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఊళ్ళో ఎవరికైనా అక్కరకు వస్తుందనిపిస్తే ఈ నంబరు చెప్పండి.

చివరిగా ఒక విన్నపం. బొమ్మ, నేల, తెగని పని, తాకిడి, ఎరుక: ఈ చరిత్రకు తెలుగు మాటలు వెతుకుతూ నేను స్థిరపడినవి ఇవి. వీటికంటే మేలైనవి, ముఖ్యంగా మీ మీ సీమల వాడుకలో ఉన్నవి తోస్తే తప్పక రాయండి.